థమ్! కౌన్ ఆతా హై?

(2025 డిసెంబరులో ఢిల్లీ కంటోన్మెంటులో జరిగిన మన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "సుబేదార్ సాబ్, క్రిస్మస్ గురించి ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. "క్రిస్మస్ గురించి పాస్టర్‌గారు ఎలాగూ మాట్లాడతారు. నాకు క్రిస్మస్‌కు ముందు రోజుల గురించి చెప్పాలని ఉంది" అన్నాను. "ముందు రోజుల్లో ఏముంటుందండీ, షాపింగే కదా!" అన్నారాయన నవ్వుతూ. ఆయన్ని నేను తప్పు పట్టను. ఆ రోజుల్ని అలా చేసుకున్నది మేమే.

మన సభలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు కనుక ముందు రెండు మాటలు చెప్పాలి. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు కలిసే కాలాన్ని తెలుగులో ఆగమన కాలం అంటాం, ఇంగ్లీషులో అడ్వెంట్. లాటిన్‌లో ఆ మాటకు "రావడం" అని అర్థం. నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య ఏ ఆదివారం వస్తే ఆ రోజున మొదలవుతుంది. ఈ ఏడాది, అంటే 2025లో, నవంబరు 30న మొదలైంది. క్యాథలిక్కులు, లూథరన్లు, సి.ఎస్.ఐ., సి.ఎన్.ఐ. సంఘాలవాళ్ళు దీన్ని పాటిస్తారు. ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టు సంఘాల్లో ఈ పద్ధతి పెద్దగా లేదు. అందుకని మన క్రైస్తవ కుటుంబాల్లో కూడా కొందరికి ఇది కొత్తగానే ఉండవచ్చు.

మాది గుంటూరు జిల్లా. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి అక్కడ లూథరన్ సంఘం వేళ్ళూనుకుంది. మా అమ్మకు అడ్వెంటు పుష్పవలయం అంటే తెలియదు, కొవ్వొత్తుల వరస తెలియదు. ఆమె చేసేది ఒకటే. ఆ నాలుగు వారాలూ రాత్రి పడుకోబోయే ముందు లాంతరు వత్తి తగ్గించి అరుగు మీద పెట్టేది. కిరసనాయిలు రేషన్‌లో దొరికే రోజులు. నాన్న విసుక్కునేవాడు, "ఎవరొస్తారే ఈ వేళప్పుడు?" అని. "ఎవరో ఒకరు వస్తారు లెండి" అనేది. నిజంగానే వచ్చేవారు. పత్తి బండి ఇరుసు విరిగినవాడో, ఆఖరి బస్సు తప్పిపోయినవాడో. ఒకసారి నీళ్ళు, ఒకసారి అన్నం, ఒక్కోసారి దారి చెబితే చాలు. అమ్మ దాని గురించి ఎప్పుడూ ప్రసంగం చేయలేదు. నేనే ఇక్కడ చేస్తున్నాను.

మెలకువగా ఉండడం అనేది క్రైస్తవులకు మాత్రమే పరిమితమైన సంగతేమీ కాదు. ఇదే రోజుల్లో ధనుర్మాసం వస్తుంది. తెల్లవారకుండానే లేచి తిరుప్పావై పాడుకునే ఇళ్ళు మన పాలంలో, ద్వారకలో ఎన్ని లేవు! ఆండాళ్ తల్లి కూడా అక్కడ చేసే పని, ఇంకా నిద్రపోతున్న చెలికత్తెల్ని ఇంటింటికీ వెళ్ళి లేపడమే. శివరాత్రి జాగారం ఉంది, రంజాన్‌లో సహరీకి లేవడం ఉంది. మనిషికి నిద్ర ఎంత సహజమో, నిద్రపోకూడని వేళలు కొన్ని ఉన్నాయని గుర్తుపెట్టుకోవడమూ అంత పాతదే.

ఇక బైబిలులో ఈ మెలకువ సంగతి చెప్పిన తీరు చూడండి. మనబోటివాళ్ళకు చప్పున తగులుతుంది. మార్కు సువార్త 13వ అధ్యాయం చివర యేసు ఒక చిన్న ఉపమానం చెబుతాడు. ఇంటి యజమాని ప్రయాణమై వెళ్తూ, దాసులు ఒక్కొక్కరికి ఒక్కో పని అప్పజెప్పి, గేటు దగ్గరివాడికి మాత్రం మెలకువగా ఉండమని ఆజ్ఞ ఇచ్చాడట. అచ్చంగా మన స్టాండింగ్ ఆర్డర్సే. యజమాని ఎప్పుడొస్తాడో తెలియదు. సాయంకాలమా, అర్ధరాత్రా, కోడి కూసే వేళా, తెల్లవారుజామా అని నాలుగు వేళలు పేరుపేరునా చెబుతాడు. ఆ నాలుగు ఎక్కడివో తెలుసా? రోమా సైన్యం రాత్రి కాపలాని పంచుకున్న నాలుగు జాములు అవి. యూదులకు పాతకాలం నుంచీ రాత్రికి మూడు జాములే. గిద్యోను మిద్యానీయుల శిబిరం మీద పడింది నడిజాము మొదట్లో, కావలివాళ్ళు అప్పుడే మారిన క్షణంలో. డ్యూటీ మారే వేళ ఎంత ప్రమాదమో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు కదా!

ఇంకో సంగతి. ఆ నాలుగు వేళలూ చెప్పిన తరువాత మార్కు కథ ఎలా నడిచిందో చూడండి. సాయంకాలం శిష్యులతో కడపటి భోజనం. ఆ రాత్రి గెత్సేమనే తోటలో వాళ్ళని మెలకువగా ఉండమని అడిగితే, మూడుసార్లు వచ్చి చూసినా మూడుసార్లూ నిద్రలోనే ఉన్నారు. కోడి కూసే వేళకి పేతురు ఆయనెవరో నాకు తెలియదన్నాడు. తెల్లవారగానే ఆయన్ని పిలాతుకి అప్పగించారు. అంటే ఆ నాలుగు జాములూ ఏనాడో రాబోయే సంగతులు మాత్రమే కావు, ఆ వారంలోనే వచ్చేశాయి. నాలుగింటిలోనూ కాపలావాళ్ళు తప్పారు. పదకొండుమంది మంచివాళ్ళే, చెడ్డవాళ్ళేం కాదు. అలసిపోయారు, అంతే.

నేను 1984లో భర్తీ అయ్యాను. రెండేళ్ళ సర్వీసప్పుడు ఉత్తరాదిలో ఒక డిపోలో గార్డ్ డ్యూటీ. రెండు గంటలు నిలబడాలి, నాలుగు గంటలు రెస్టు. నా వంతు రెండు నుంచి నాలుగు దాకా. జనవరి మంచు. బాలాక్లావా లోపల నా ఊపిరి నాకే వేడిగా తగులుతోంది. రైఫిల్ పట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నాను, కళ్ళు తెరిచే ఉన్నాయి, నా ముందున్న కంచె కనిపిస్తూనే ఉంది. గార్డ్ కమాండర్ హర్యానా హవల్దార్. బూటు చప్పుడు చేసుకుంటూనే నడిచి వచ్చి, నా ముఖానికి మూరెడు దూరంలో నిలబడి టార్చి వేశాడు. అప్పుడు గానీ నాకు తెలియలేదు. "ఆంఖ్ ఖులీ థీ తేరీ" అన్నాడు. నీ కళ్ళు తెరిచే ఉన్నాయిరా అని. పై వాళ్ళకి రిపోర్టు చేయలేదు గానీ ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. సంత్రీ నిద్రపోవడం ఆర్మీ యాక్టు ప్రకారం నేరమని మనందరికీ తెలుసు. నేను చెప్పేది శిక్ష గురించి కాదు. కళ్ళు తెరుచుకుని నిద్రపోవచ్చని నాకు ఆ రాత్రే తెలిసింది.

తరువాత ఆ హవల్దారే మాకు సంత్రీ పాఠం మళ్ళీ చెప్పాడు. నిలబడడం డ్యూటీ కాదు; చీకట్లో కదలిక కనబడగానే "థమ్! కౌన్ ఆతా హై?" అని అడగడం డ్యూటీ. వచ్చేది శత్రువా, దోస్తా, ఆర్డర్లీ ఆఫీసరా, గేదె దూడా, అది తేల్చుకోవడం డ్యూటీ. ఆగమన కాలానికి కూడా నాకు తెలిసినంతలో అంతకంటే మంచి వివరణ లేదు. వస్తున్నది ఎవరు? ఈ నాలుగు వారాలూ అడగవలసిన ప్రశ్న అదే.

మరి నిద్రే పోకూడదా అంటే, పోవచ్చు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో పదిమంది కన్యకల కథ ఉంది. పెళ్ళికొడుకు ఆలస్యం చేశాడు. బుద్ధిలేని ఐదుగురే కునుకు తీశారని చాలామంది అనుకుంటారు. కాదు, పదిమందీ నిద్రపోయారు. తేడా అల్లా నూనెలో వచ్చింది. ఐదుగురి దగ్గర అదనంగా నూనె ఉంది, ఐదుగురి దగ్గర లేదు. మన భాషలో చెప్పాలంటే టార్చిలో సెల్సు ఉన్నాయా లేవా అన్నదే ప్రశ్న. డ్యూటీ లేనప్పుడు నిద్రపోవడం కూడా డ్యూటీయే. మెలకువ పేరుతో అస్తమానం కంగారుపడే భక్తిని నేను చూశాను. యుద్ధం వచ్చినా, భూకంపం వచ్చినా, ఇదిగో లోకాంతం అని తేదీలు వేసేవాళ్ళని చూశాను. ఆ రోజూ ఆ గడియా ఎవరికీ తెలియదని ఆ అధ్యాయాల్లోనే స్పష్టంగా ఉంది. తేదీలు వేసేవాడు సంత్రీ కాడు, పుకార్లు పుట్టించేవాడు.

ఇప్పుడు మన కంటోన్మెంట్ సంగతికి వస్తాను. ఇక్కడున్న సెయింట్ మార్టిన్స్ గ్యారిసన్ చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. ల్యూటెన్స్ దగ్గర పనిచేసిన ఆర్థర్ షూస్మిత్ దాని ఆర్కిటెక్టు. 1930 ప్రాంతంలో కట్టారు. సుమారు 35 లక్షల ఇటుకలు పట్టాయంటారు. దళసరి గోడలు, ఎక్కడో చిన్న చిన్న కిటికీలు, అలంకారమన్నదే లేదు. నేను మొదటిసారి చూసి అది మందుగుండు మేగజీన్ అనుకున్నాను. పక్కనున్న సిపాయి, "గుడి సార్ అది" అన్నాడు. సైనికులకు అలాంటిదే తగిందని ఇప్పుడు అనిపిస్తుంది.

మార్టిన్ ఎవరు? నాలుగో శతాబ్దపు రోమా సైన్యంలో గుర్రపు సిపాయి. ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న అమియెన్స్ పట్టణం గేటు దగ్గర, నడి చలికాలంలో, ఒంటిమీద బట్ట లేని బిచ్చగాడొకడు ఎదురయ్యాడు. అందరూ దాటుకుని పోతున్నారు. మార్టిన్ దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు. కత్తి దూసి తన అంగీని రెండుగా చీల్చి సగం వాడికి కప్పాడు. సగం అంగీతో వెళ్తుంటే చూసి కొందరు నవ్వారట. ఆ రాత్రి కలలో ఆ సగం అంగీ కప్పుకుని క్రీస్తు కనబడ్డాడని ఆయన జీవితం రాసిన శిష్యుడు సుల్పీసియస్ చెప్పాడు. అప్పటికి మార్టిన్‌కి బాప్తిస్మం కూడా కాలేదు. మిగిలిన అంగీని తరువాతివాళ్ళు భద్రంగా దాచుకున్నారు. లాటిన్‌లో ఆ అంగీ పేరు నుంచే చాపెల్ అనే మాటా, దాన్ని కాపాడేవాళ్ళ పేరు నుంచే చాప్లిన్ అనే మాటా పుట్టాయి. మన రెజిమెంట్లలో పండిట్‌జీ, గ్రంథీజీ, మౌల్వీ సాబ్‌తో సమానంగా ఉండే పాద్రీ సాబ్ ఉద్యోగం వెనక ఒక సిపాయి చింపిన అంగీ ఉందన్నమాట.

ఇంకా ఉంది. మార్టిన్ పండుగ నవంబరు 11. ఆరో శతాబ్దంలో ఆ ప్రాంతపు సంఘాలవాళ్ళు ఆ పండుగ దగ్గర్నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలని నియమం పెట్టుకున్నారు. మార్టిన్ ఉపవాస కాలం అనేవారు దాన్ని. ఇప్పటి ఆగమన కాలం వేళ్ళలో అదొకటి. అంటే అది మొదట్లో కేకుల కాలం కాదు, కడుపు మాడ్చుకున్న కాలం.

ఇక ఇక్కడ నా ఫిర్యాదు, మొదట నా మీదే. మన తెలుగువాళ్ళు కనిపెట్టిన గొప్ప సంగతొకటి ఉంది: సెమీ క్రిస్మస్. నవంబరు ఆఖరు నుంచే మొదలు. ఆఫీసులో సెమీ క్రిస్మస్, కాలనీలో సెమీ క్రిస్మస్, మహిళా సమాజం సెమీ క్రిస్మస్, యూత్ సెమీ క్రిస్మస్. డిసెంబరు ఇరవై వచ్చేసరికి ఎన్ని కేకులు కోశామో, ఎన్ని బిర్యానీలు తిన్నామో లెక్క ఉండదు. 25 పొద్దున్న ముఖాలు చూడండి, పెళ్ళయ్యాక మిగిలిన పందిరిలా ఉంటాయి. పదిమంది కలవడం నాకూ ఇష్టమే. ఇంటికి దూరంగా ఉన్న కుర్రాడికి ఆ ఒక్క పూట తెలుగు మాటా తెలుగు భోజనమూ దొరుకుతాయి, అది చిన్న సంగతి కాదు. కానీ వచ్చేవాడి కోసం వాకిట్లో చూడవలసిన రోజుల్ని పూర్తిగా వంటల దగ్గర గడిపేస్తున్నాం. ఈ మాట అనే హక్కు నాకెక్కడిదంటే, అందులో నేను నాయకుణ్ణి.

2011 డిసెంబరు. నా సర్వీసులో ఆఖరి చలికాలం, పోస్టింగ్ ఇక్కడే. కేరల్స్ బృందానికి నేనే ఇన్‌ఛార్జి. డిసెంబరు 9, శుక్రవారం రాత్రి. కంటోన్మెంట్, పాలం, ద్వారక కలిపి పద్నాలుగు ఇళ్ళు. సుమో ఒకటి, డోలక్ ఒకటి, పెట్రోమాక్స్ బదులు ఎమర్జెన్సీ లైటు. నా చేతిలో లిస్టు, ఏ ఇంటికి ఎన్ని నిమిషాలో కూడా రాసుకున్నాను. బృందంలో శ్రీకాకుళం జిల్లా కుర్రాడొకడు ఉండేవాడు. ఇరవై మూడేళ్ళుంటాయి. క్రైస్తవుడు కాదు. తెలుగు పాటలని, తెలుగువాళ్ళని వచ్చేవాడు. డోలక్ బాగా వాయించేవాడు. తొమ్మిదో ఇంటి దగ్గర గేటు పక్కన నిలబడి, "సార్, రెండు నిమిషాలు మీతో మాట్లాడాల" అన్నాడు. వాచీ చూశాను. పది నలభై. ఇంకా ఐదు ఇళ్ళు. "ఆదివారం రా తమ్ముడూ, తీరిగ్గా మాట్లాడుకుందాం" అని భుజం తట్టి సుమో ఎక్కాను. వాడూ వెనక ఎక్కాడు. మిగిలిన ఐదు ఇళ్ళలోనూ డోలక్ వాయించాడు.

డిసెంబరు 11 ఆదివారం మా సెమీ క్రిస్మస్. ఆగమన కాలంలో మూడో ఆదివారం, సంతోషానికి గుర్తుగా గులాబీ రంగు కొవ్వొత్తి వెలిగించే రోజు. నూట యాభై ప్లేట్ల బిర్యానీ. ప్లేట్లు తక్కువ పడ్డాయి, మైకు పనిచేయలేదు, ముఖ్య అతిథి ఆలస్యం. డోలక్ ఇంకెవరో వాయించారు. ఆ కుర్రాడు రాలేదని నేను గమనించనే లేదు.

27న ఇంకో కుర్రాడు చెప్పాడు. వాళ్ళమ్మకి బాగోలేదని ఫోన్ వచ్చిందట, శుక్రవారమే. ఛుట్టీ దొరికింది గానీ రైల్లో రిజర్వేషన్ లేదు. న్యూఢిల్లీ స్టేషన్‌లో ఎం.సి.ఓ.లో నాకు తెలిసినవాళ్ళున్నారని ఎవరో వాడికి చెప్పారు. ఒక్క ఫోన్ చేయమని అడగడానికే గేటు దగ్గర నిలబడ్డాడు. మర్నాడు జనరల్ బోగీలో ఎక్కి వెళ్ళాడు. పొగమంచుకి రైలు చాలా గంటలు ఆలస్యమైంది. ఊరు చేరేసరికి అమ్మ దహనం అయిపోయింది.

నేను ఫోన్ చేసి ఉంటే అందుకునేవాడా? ఏమో. రిజర్వేషన్ ఉన్నవాడికైనా లేనివాడికైనా పొగమంచు ఒకటే. అది నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కానీ రెండు పగళ్ళు, రెండు రాత్రులు టాయిలెట్ పక్కన నిలబడి వెళ్ళేవాడు కాదు. ఆ రాత్రి నా నోట్లో యేసు పేరు ఉంది, చేతిలో లైటు ఉంది, ఎదురుగా గేటు దగ్గర మనిషి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

జనవరిలో తిరిగొచ్చాడు. గుండు, దాని మీద ఊలు టోపీ. పలాస జీడిపప్పు పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను ఏదో అనబోతే, "పర్లేదు సార్, మీరు బిజీగా ఉన్నారు గదా" అన్నాడు. వాడి గొంతులో దెప్పిపొడుపు లేదు. ఉంటే కొంత నయంగా ఉండేది.

అప్పట్నుంచి ఆగమన కాలం నాకు వేరే రకంగా నడుస్తోంది. పెద్ద సాధనలేమీ లేవు. ఉపవాసం నాకు షుగరు మూలంగా కుదరదు. రిటైరయ్యాక కొన్నాళ్ళు గురుగ్రాంలో ఒక సొసైటీకి సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేశాను. అక్కడ గేటు దగ్గర వచ్చినవాడి పేరు, బండి నంబరు, ఫ్లాటు నంబరు అన్నీ రాసుకునేవాళ్ళం, ఎవడి ముఖమూ చూసేవాళ్ళం కాదు. డిసెంబరు వచ్చినప్పుడు మాత్రం మా గార్డులకి చెప్పేవాణ్ణి, రాత్రి డెలివరీకి వచ్చే కుర్రాళ్ళకి ఒక కప్పు చాయ్ ఇవ్వండిరా అని. కమిటీవాళ్ళు ఖర్చెవరిదని అడిగారు. నాదేనన్నాను. కేరల్స్‌కి ఇప్పుడూ వెళ్తాను, కానీ లిస్టు నా దగ్గర ఉంచుకోను. పద్నాలుగు ఇళ్ళకి బదులు ఐదు ఇళ్ళే పెట్టుకోమంటాను. పొద్దున్న ప్రార్థనలో ఒక్క మాటే అడుగుతాను, ఇవాళ ఎవరిని పంపుతున్నావు, నాకు కనబడేలా పంపు అని. సాయంత్రం పడుకునే ముందు ఎవరొచ్చారో లెక్క చూసుకుంటాను. చాలా రోజులు నేను గుర్తుపట్టలేదనే తేలుతుంది. అలాంటి రోజు మర్నాడు ఫోన్ తీసి, "నిన్న నువ్వేదో చెప్పబోయావు" అని అడుగుతాను. సగంమంది "ఏం లేదండీ" అంటారు. మిగతా సగంమంది చెబుతారు.

మొన్న నవంబరు 30 ఆదివారం తెల్లవారుజామున మా పాలం ఇంట్లో మొదటి కొవ్వొత్తి వెలిగించి శ్రీకాకుళం కుర్రాడికి ఫోన్ చేశాను. ఏటా ఆ రోజు చేస్తాను. ఇప్పుడు హవల్దారు. ఎక్కడున్నాడో చెప్పకూడదు, చలి ఉన్నచోట ఉన్నాడు. ఇద్దరు పిల్లలు. "సార్, మన దగ్గర కొత్తగా వచ్చిన కుర్రాడొకడు నాలుగు రోజులనుంచి సరిగ్గా తినట్లేదు, రాత్రి గార్డ్ మార్చేటప్పుడు వాడితో కూర్చుంటున్నాను" అన్నాడు. నా ఫోన్ త్వరగా పెట్టేశాడు, వాడి రిలీఫ్ టైం అయిందట.

మా ఆవిడ అరుగు లేదు కనుక బాల్కనీలో జీరో వాట్ బల్బు వేసి ఉంచుతోంది. కరెంటు బిల్లు గురించి నేనేమీ అనడం లేదు.

నాకిచ్చిన పావుగంట దాటింది, అధ్యక్షులవారు వాచీ చూసుకుంటున్నారు. వెనక వరసల్లో కొత్తగా పోస్టింగ్ మీద వచ్చిన కుర్రాళ్ళు, నాకు పరిచయం లేని ముఖాలు ఆరో ఏడో కనబడుతున్నాయి. భోజనాల దగ్గర నేను వాళ్ళతో కూర్చుంటాను. పెద్దలు ఏమీ అనుకోకండి. సెలవు. జైహింద్.